ఆరని రంగు

"ఇది మోసం అక్కా. నేను తలుపు తియ్యను," అన్నాడు మావటి, తాళంచెవి మొలలో దోపుకుంటూ.

బొమ్మలక్క తలెత్తలేదు. ఏనుగు కొట్టం గోడ మీద గున్న ఏనుగు బొమ్మ తోకకి చివరి వెంట్రుకలు వేస్తోంది. పిల్లల పుస్తకాల్లో కుందేళ్ల నుంచి ఈ జంతుశాల బోర్డుల మీద పులుల దాకా అన్నీ ఆమె చేతివే. ఇక్కడ అందరూ ఆమెని అక్కా అనేవాళ్లే గాని, సొంత తమ్ముడు మావటి ఒక్కడే.

"డాక్టరుగారు వెయ్యమన్నారు, వేశాను."

"ఆయనకేం, సూది పొడిచే చెయ్యి. నీ బుద్ధి ఏమైంది? చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి ఆవుని పితికినట్టుంది మీ వ్యవహారం. ఆ రోజు అడ్డొస్తుందని తల్లిని పక్క కొట్టంలోకి తోలి, చచ్చిపోయిన గున్నని లారీ ఎక్కించేశాం. కడసారి ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు గోడ చూపించి ఇదిగో నీ బిడ్డ అందామా?"

"మరి తిండి నువ్వు తినిపిస్తావా?"

గున్న పోయినప్పటి నుంచి ఏనుగు ఏమీ తినలేదు. చెరుకు గడ తొండానికి అందిస్తే కింద పడేసింది. దాని బొమికలు దూరానికే కనిపిస్తున్నాయి. ఇవాళ కూడా నోట్లోకి ఏమీ పోకపోతే ఇక తన చేతుల్లో లేదని డాక్టరు చెప్పేశాడు.

"ఇలా వచ్చి చూడు," అంది అక్క.

విసుక్కుంటూనే వచ్చాడు. చూసి, అక్కడే ఆగిపోయాడు. నుదుటి మీద నిక్కబొడుచుకున్న జుట్టు, చెవి అంచున లేత గులాబీ రంగు, మోకాళ్లకి అంటిన బురద. గున్న నిలువెత్తున నిలబడి, ఇప్పుడో ఇంకాసేపటికో వచ్చి తన జేబులో తొండం పెట్టేలా ఉంది. మావటి చెయ్యి దానంతటదే జేబు మీదికి వెళ్లింది.

"తాకకు, పచ్చిగా ఉంది. విషం లేని రంగు కావాలన్నారని బొగ్గూ సుద్దా ఎర్రమన్నూ అవిసెనూనెలో నూరి వేశాను. ఒక పట్టాన ఆరి చావదు."

డాక్టరు వచ్చాడు. "తాళం తియ్యవయ్యా."

"ఇంకా ఆరలేదు డాక్టరుగారూ," అంది ఆమె.

"ఆరేదాకా ఏనుగు బతికుండాలి కదమ్మా."

మావటి పక్క కొట్టం తలుపు తీశాడు. ముగ్గురూ కటకటాల ఇవతల నిలబడ్డారు.

ఏనుగు కాళ్లీడ్చుకుంటూ వచ్చింది. గోడని చూసింది. చెవులు చాటల్లా విచ్చుకున్నాయి. తొండం చాచి గున్న నుదుటిని తాకి, ఆ కొసని నోట్లో పెట్టుకుంది. నూనె రుచి తగిలినట్టుంది, మెల్లగా వెనక్కి తిరిగింది.

"తెలిసిపోయింది దానికి," అన్నాడు మావటి.

బొమ్మలక్క చేతిలోంచి కుంచె జారిపోయింది.

ఏనుగు గడ్డి మోపు దగ్గరికి నడిచి, ఇంత గడ్డి తీసింది. డాక్టరు కటకటాలు పట్టుకుని ముందుకి వంగాడు. గడ్డి నోట్లోకి పోలేదు. దాన్ని మోసుకెళ్లి గున్న కాళ్ల దగ్గర పెట్టింది. మళ్లీ వెళ్లి ఇంకొంత తెచ్చి పెట్టింది. తర్వాత నేల మీది మట్టి తొండంతో ఎత్తి గోడకేసి విసిరింది.

"కోపం వచ్చింది. చెప్తే విన్నారా?" మావటి తలుపు వైపు కదిలాడు. "బొమ్మంతా పాడుచేసేస్తుంది అక్కా."

అక్క అతని మణికట్టు పట్టుకుంది. "కదలకు."

వట్టి గోడకి తగిలిన మట్టి జలజలా రాలిపోతోంది. గున్న మీద పడ్డది మాత్రం తడి రంగుకి అంటుకుని నిలుస్తోంది. పాదాలు పోయాయి. పొట్ట పోయింది. ఆమె అంత ముచ్చటపడి వేసిన చెవి పోయింది. జంతువుల్ని చూడటమే పనిగా బతికిన మనిషి, రెప్ప వెయ్యడం మరిచిపోయి చూస్తోంది. ఏనుగు తొందరపడటం లేదు. ఎక్కడ రంగు కనిపిస్తే అక్కడికి, పక్కకి పోకుండా, మట్టి వేస్తోంది. ఆఖరికి కన్ను కూడా మూసుకుపోయింది.

గోడ మీద గున్న ఆకారంలో మట్టి మిగిలింది. ఏనుగు దాని మీద తొండం ఆనించి చాలాసేపు నిలబడింది. తర్వాత మోపు దగ్గరికి వచ్చి, గడ్డి తీసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మళ్లీ తీసుకుంది.

డాక్టరు మావటి వైపు తిరిగాడు. "బొమ్మ కనిపించినంతసేపూ గడ్డి నోట పెట్టలేదు. అది మాయమయ్యాక తింటోందేమిటి?"

మావటి తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"బిడ్డని మట్టి చేసుకుంది డాక్టరుగారూ. ఇక తింటుంది."