ఒక్క గీత లేదు

"ఏమయ్యా, డెబ్బై మీద పడ్డాకా నీకు ఎర్ర కారు మోజు పుట్టింది?"

ఫోన్‌లో భార్య ఇవోన్ గొంతు ఖంగుమంటోంది. బస్సు గ్వస్తాల్లా ఊళ్లోకి వచ్చేసింది. నెవియో చేతిలో వారపత్రిక మడతపెట్టి ఉంది. అమ్మకాల పేజీలో ఒక ఫొటో. పైకప్పు వెనక్కి మడిచే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. కారు ఎన్ని చేతులు మారినా నంబరు మారదు కదా. ఆ నంబరు నెవియోకి కంఠతా వచ్చు. నిన్న పొద్దున కాఫీ తాగుతూ దాన్ని చూసినప్పట్నుంచి అతనికి ముద్ద దిగలేదు.

"వంటింటికి కొత్త గచ్చు వేయిస్తానన్న డబ్బయ్యా అది!"

"ఇంటికొచ్చాక తిడుదువులే" అని ఫోన్ పెట్టేశాడు.

లెయార్కో గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. చీజ్ కార్ఖానాలో పనిచేసి రిటైరైన మనిషి. నడుం నొప్పికి వెడల్పాటి బెల్టు కట్టుకున్నాడు. షెడ్డులోకి తీసుకెళ్లి, నిద్రపోతున్న బిడ్డ మీద దుప్పటి తీసినంత మెల్లగా కారు మీద గుడ్డ తీశాడు.

"చూడండి. నేను కొన్నప్పుడు రెండేళ్ల పాతది. నా దగ్గర ఇరవై రెండేళ్లుంది. అప్పుడూ ఒక్క గీత లేదు, ఇప్పుడూ ఒక్క గీత లేదు. ఆదివారాలు మాత్రమే బయటికి తీసేవాణ్ణి. ఎనభై దాటి తోలలేదు."

"నాన్న దాన్ని నడపలేదు, ఊరేగించాడు" అంది వెనకే వచ్చిన కూతురు తోస్కా. "నా చేతికిస్తే నూట అరవై చూపిస్తా."

"ఇవాళ ఎవరూ కొనకపోతే నీదేనన్నాగా." లెయార్కో నెవియో వైపు తిరిగాడు. "వచ్చే నెల దీని పెళ్లి. కొండదారిన సముద్రం దాకా ఇద్దరూ ఇందులోనే పోతారట. అయితే నాలుగింటికి పార్మా నుంచి పళ్ల డాక్టరొకాయన వస్తున్నాడు. ఆయన మహా ఉబలాటంగా ఉన్నాడు."

నెవియో గడియారం చూసుకున్నాడు. పదకొండు దాటింది. శనివారం కాబట్టి పేరు మార్పించే ఆఫీసు పన్నెండున్నరకే మూసేస్తారు.

వంగి సీట్లు ముందుకు జరిపాడు. వెనక తివాచీ అంచు ఎత్తి, నేల రేకు మీద బొటనవేలు మెల్లగా పోనిచ్చాడు. ఒకచోట వేలు ఆగింది. చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

"తుప్పు వెతుకుతున్నారా? అరిగిపోతుంది మీ వేలు, తుప్పు దొరకదు" అని నవ్వాడు లెయార్కో.

"తుప్పు లేదు" అన్నాడు నెవియో. తివాచీ అంచు మళ్లీ సర్దేశాడు.

"ఏమైనా కనిపించిందా? ఉంటే మొహమాటపడకుండా చెప్పండి."

నెవియో నోరు తెరిచాడు. లెయార్కో కళ్లలోకి చూశాడు. నోరు మూసుకున్నాడు.

"ఏం లేదు. బాగుంది. మీరు అడిగినంతా ఇస్తాను. ఇప్పుడే ఆఫీసుకి వెళ్దాం."

లెయార్కో కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. బేరమాడితే కారు గురించి ఇంకో గంట మాట్లాడొచ్చనుకున్నాడు పాపం.

కాగితాల మీద సంతకాలయ్యాయి. తిరిగొచ్చేసరికి తోస్కా అరుగు మీద లాంబ్రుస్కో వైన్ సీసా, మూడు గ్లాసులు పెట్టి ఉంచింది.

"నాకొద్దమ్మా" అన్నాడు నెవియో.

"బేరం కుదిరాక గ్లాసు ముట్టని మనిషిని ఇదే చూడటం" అన్నాడు లెయార్కో. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

తోస్కా వచ్చి కారు తలుపు మీద చెయ్యి వేసింది. "పెద్దాయనా, ఒక్కసారి ఏటి గట్టు దాకా తీసుకెళ్లరా? చిన్నప్పట్నుంచి ఎక్కిన కారు. ఇంకెప్పుడూ ఎక్కను కదా."

"వద్దు!"

ఆ అరుపుకి ఆమె ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది. "ముసలి పిసినారి" అని గొణిగింది, అతనికి వినపడేలాగే.

లెయార్కో కిటికీలోకి వంగాడు. "ఒక్క మాట. రెండో గేరు చలికాలంలో కొంచెం మొరాయిస్తుంది. బతిమాలాలి. బలవంతం చెయ్యకండి." ఇంకేదో చెప్పబోయి, తలుపు మీద రెండుసార్లు తట్టి వెనక్కి తిరిగాడు.

నెవియో నలభై కిలోమీటర్ల వేగం దాటకుండా పోనిచ్చాడు. వెనక హారన్ల మోత. ఒక లారీవాడు దాటుతూ తల బయటికి పెట్టి, "తాతా, దానికి ఇంజనుంది, తోసుకెళ్తున్నావేంటి!" అని అరిచాడు. నెవియో రోడ్డు మీంచి కళ్లు తిప్పలేదు. గుంత కనిపించిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టాడు.

ఇంటి మలుపు వచ్చింది. తిరగలేదు. పో నది గట్టు దిగి, ఓర్ఫెయో తుక్కు కొట్టులోకి పోనిచ్చాడు.

"బాబోయ్, ఎవరిదిరా ఈ బంగారుబొమ్మ?" ఓర్ఫెయో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"నాది. ప్రెస్సులో పెట్టి నొక్కెయ్."

ఓర్ఫెయో కారు చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. "మతి పోయిందా నీకు? ఒక్క గీత లేదు!"

"నా కళ్ల ముందే నొక్కెయ్. కాగితాలు ఇవిగో."

"సీట్లయినా..."

"సీట్లు తీసుకో. ఇంజను తీసుకో. దాని బాడీ మాత్రం మళ్లీ రోడ్డెక్కకూడదు."

ప్రెస్సు దిగింది. ఎర్ర రేకు మూలిగింది, వంగింది, సరిగ్గా సీట్ల వెనక, బొటనవేలు ఆగినచోట, పటుక్కున రెండుగా విడిపోయింది. ఓర్ఫెయో ఆ అంచు వైపు, తర్వాత నెవియో వైపు చూశాడు.

ఇరవై రెండేళ్ల కింద వేర్వేరు ప్రమాదాల్లో నుజ్జయిన రెండు కార్లలో ఒకదాని ముందు సగాన్నీ ఇంకోదాని వెనక సగాన్నీ తెచ్చి, తన వర్క్‌షాపులో అతికించి, ఎర్ర రంగు కొట్టి, ఒక్క గీత లేదని చెప్పి అమ్మకానికి పంపింది నెవియోనే.