పదిరోజుల సెలవు

“మా అన్నయ్య పోయాడండీ” అన్నాడు గురుచరణ్, గుడి గేటు బయటే నిలబడి.

గుడి ఈవోగారు కాఫీ కప్పు కింద పెట్టేశారు. “అయ్యయ్యో! కాశీలో ఉంటారన్నారే, ఆయనేనా? ఎప్పుడు?”

“నిన్న.” ఆ ఒక్క ముక్క చెప్పేసరికి గురుచరణ్‌కి నిజంగానే కన్నీళ్ళొచ్చాయి.

ఇక మాట్లాడేదేముంది? తోడబుట్టినవాడు పోతే పది రోజులు మైల. మైలలో ఉన్న అర్చకుడు గుడి గడప తొక్కకూడదు. మధ్యాహ్నానికల్లా రెడ్డిగూడెం నుంచి ఆదిశేషయ్యగారిని పిలిపించి పూజలు అప్పగించారు.

తిరువూరు శివాలయంలో గురుచరణ్‌ది పన్నెండేళ్ళ కొలువు. పన్నెండేళ్ళలో ఒక్క రోజు సెలవు లేదు. భార్యతో కలిసి బెజవాడ వెళ్ళినా సాయంత్రం హారతి వేళకి బస్సు దిగాల్సిందే. సముద్రం చూడాలని హరిచందన పెళ్ళయినప్పటి నుంచీ అడుగుతోంది. ఈసారి నలభయ్యో పుట్టినరోజుకి అండమాన్ తీసుకెళ్తానని మాటిచ్చేశాడు. రెండు నెలల ముందే విమానం టికెట్లు కూడా తీసేశాడు. సెలవు అడిగితే మాత్రం ఈవోగారు నవ్వారు.

“ముందు స్వామివారికి సెలవివ్వండి పంతులుగారూ, తర్వాత మీకిస్తాను.”

ఇంకెన్నిసార్లు అడిగినా అదే నవ్వు. ఇంట్లో హరిచందన ముఖం చూడాలంటే భయంగా ఉండేది. ఇప్పుడు అడక్కుండానే పది రోజులు దొరికాయి.

“మైలలో పుట్టినరోజేంటండీ? వినడానికే బాగాలేదు” అంది హరిచందన కళ్ళు తుడుచుకుంటూ.

“మైలలో కాకపోతే మనకి సెలవెప్పుడు? కర్మ చేసేవాళ్ళు అక్కడున్నారు. మనకి స్నానమేగా. బట్టలు సర్దు.”

ఊళ్ళోవాళ్ళు కాశీకి వెళ్తున్నారనుకున్నారు. అతను కాదనలేదు.

అండమాన్‌లో హావ్‌లాక్ దీవిలో సముద్రం కనపడగానే హరిచందన చెప్పులు వదిలేసి నీళ్ళలోకి పరుగెత్తింది. ఇక ఆమెని ఆపడం ఎవరి తరమూ కాలేదు. పారాచూట్ కట్టించుకుని పడవ వెనకాల ఆకాశంలోకి లేచింది. నెత్తిన గాజు బిందె లాంటిది పెట్టుకుని సముద్రం అడుగున నడిచి, రంగు చేపలకి బిస్కెట్లు పెట్టి వచ్చింది. పిలకతో, లైఫ్ జాకెట్టుతో రబ్బరు పడవ మీద బిక్కచచ్చి కూర్చున్న మొగుణ్ణి ఫోటో తీసి, పడీపడీ నవ్వింది.

గురుచరణ్‌కి ఆ నవ్వు చూస్తుంటే ప్రాణం లేచివచ్చేది. మరుక్షణం అన్నయ్య గుర్తొచ్చేవాడు.

సాగర్ కాలవలో ఈత నేర్పింది అన్నయ్యే. నమకం చమకం ఒళ్ళో కూర్చోబెట్టుకుని వల్లె వేయించిందీ అన్నయ్యే. నాన్న పోయాక గుడి ఎవరిదన్న మాట వచ్చింది. కాగితాలు చూపించి అర్చకత్వం తన పేర రాయించుకున్నాడు గురుచరణ్. అన్నయ్య సోమయాజులు ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. చేతిసంచీతో గడప దిగాడు. అదే ఒళ్ళు మండించింది గురుచరణ్‌కి.

“నువ్వు పోయినా నాకు మైల లేదు, ఫో!” అని వీధిలోకి వినపడేలా అరిచాడు.

అంతే. కాశీలో ఉన్నాడని ఎవరో చెప్పడమే తప్ప, పన్నెండేళ్ళుగా ఉత్తరం లేదు, ఫోను లేదు.

పుట్టినరోజు పొద్దున్నే ఇద్దరూ సముద్రస్నానానికి దిగారు. హరిచందన అతని చెయ్యి పట్టుకుంది.

“ఏవండీ, నేను కాపురానికొచ్చిన కొత్తలో నాకు జ్వరమొస్తే బావగారే చారు కాచి పెట్టారు. ఇంత సముద్రం ముందున్నాం. ఆయన పేరు చెప్పి మూడు దోసిళ్ళు నీళ్ళు వదలండి.”

గురుచరణ్ వంగి దోసిలి పట్టాడు. వందలమంది చేత తర్పణాలు విడిపించిన మనిషి. గోత్రం చెప్పాడు. పేరు దగ్గరికొచ్చేసరికి నాలుక ఆడలేదు. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి. మళ్ళీ దోసిలి పట్టాడు. మళ్ళీ కారిపోయాయి.

“నావల్ల కాదు హరీ” అని మోకాళ్ళ లోతు నీళ్ళలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. హరిచందన అతని తల పొట్టకి ఆనించుకుని తనూ ఏడ్చింది. ఆ రోజిక ఏ పడవా ఎక్కలేదు.

తొమ్మిదోనాడు తిరువూరులో బస్సు దిగారు. భార్యని ఇంటికి పంపి, గురుచరణ్ గుడి గేటు దాకా వచ్చి బయటే నిలబడ్డాడు. ఆదిశేషయ్యగారు లోపలి నుంచి వచ్చారు. కుశలమడగలేదు. అతని ముఖంలోకి చూడనూ లేదు.

“మొన్న పొద్దున్న మీకోసం ఒక పెద్దాయన వచ్చారండీ” అన్నారు. “అన్నగారు పోయి మీకు మైల వచ్చిందని చెప్పాను. పోయినాయన పేరేంటని అడిగారు. సోమయాజులుగారని చెప్పాను. అరుగు మీద గంటసేపు అలాగే కూర్చున్నారు. ప్రసాదం పెడితే తీసుకోలేదు.”

గురుచరణ్ గేటు ఊచ పట్టుకున్నాడు. “ఆయన... ఆయన పేరేం చెప్పారు?”

“పేరు చెప్పలేదండీ, బెజవాడ బస్సుకి లేచి వెళ్తూ ఒక్క మాట మాత్రం అడిగారు, ‘మా తమ్ముడు ఏడ్చాడా?’ అని.”