అత్తమ్మకు వచ్చిన రష్యా మాట

“యా మగూ అంటే నాకు చేతనైతది. యా ఖచూ అంటే నాకు గావాలె. అను అత్తమ్మా.”

పసుపు కుప్పకు చెరో పక్క కూర్చుని అత్తాకోడళ్లు కొమ్ములను, దుంపలను వేరు చేస్తున్నారు. కోడలు సువర్ణ భర్త చనిపోయినప్పటి నుంచి ఇంట్లో వాళ్లిద్దరే. రష్యాలో కుట్టుపనికి మనుషులను తీసుకునేవాళ్లు ఈ సాయంత్రం సువర్ణకు ఫోన్ చేస్తామన్నారు. అందుకే ఆ మాటలను అత్తతో అనిపిస్తూ నేర్చుకుంటోంది.

“నేనంటే మగూ, నువ్వంటే మోజెష్.”

“మనిషిని బట్టి మాట మారుతదా? అచ్చం మీ మామ లెక్కనే!” రత్నవ్వ నవ్వింది.

“నవ్వుడు బంద్ చెయ్. నీకేం చేతనైతదో చెప్పు.”

“యా మగూ పసుపు ఉడకబెట్టుడు. యా మగూ సంచులు మోసుడు. యా మగూ...” రత్నవ్వ మరో దుంప అందుకుంది. “ఒక్కదాన్నే ఉండుడు.”

“మరి నీకేం గావాలె?”

“నాకేం గావాలె బిడ్డా? ఏమొద్దు.”

“గట్లంటే నాకెట్లొస్తది? ఏదో ఒకటి అను.”

రత్నవ్వ చేతిలోని దుంపను కొమ్ముల్లో వేసింది. ఆ చెయ్యి ఎన్నడూ అలా పొరబడలేదు.

“వద్దు అని ఎట్లనాలె?”

“యా నె ఖచూ.”

“యా నె ఖచూ,” అంది రత్నవ్వ, తలెత్తకుండా.

సువర్ణ చేతులు ఆగాయి. “నేను పోవుడు వద్దా?”

రత్నవ్వ కొమ్ముల్లో పడిన దుంపను ఏరి తీసింది.

“ఇన్నిరోజులు మన మాటల ఎందుకనలేదు అత్తమ్మా?”

“మన మాటల చెప్తే నువ్వు ఆగిపోతవు.”

ఫోన్ మోగింది. సువర్ణ కదల్లేదు. రత్నవ్వ పసుపు చేతులను కొంగుకు తుడుచుకుని, ఫోన్ తీసి కోడలి చేతిలో పెట్టింది.

“మాట్లాడు బిడ్డా. యా మగూ.”