అసిరమ్మ చిటికెన వేలు

మా ఊళ్లో ఇప్పుడు ఎవరి పిక్కల మీదా ఉబ్బిన సిరలు లేవు. పంచాయతీ గదిలోని మరలో కాలు పెడితే సూది దిగుతుంది, నీలం గీతలు మాయమవుతాయి. ఎప్పుడో ఒకరికి ఆ మందు పక్కనున్న స్పర్శ నరాన్ని తాకుతుంది. ఈసారి నా భార్య అసిరమ్మకు తాకింది. కుడికాలి చిటికెన వేలు మొద్దుబారింది. నూరు రోజుల్లో స్పర్శ రాకపోతే ఇక రాదని చెప్పి, మర ఆ వేలికి ఏం తగిలిందో పైకి చెప్పే కాలి కడియం ఒకటి ఇచ్చింది.

నూరో రోజున ఊడ్పులు. నీళ్లలో మబ్బులు కదులుతున్నాయి. అసిరమ్మ వాటి మీద వెనక్కి నడుస్తూ నాటుతోంది.

"బురద. చల్లగా ఉంది. గడ్డివేరు," అంటోంది కడియం.

"ఓలమ్మ, నీ కాలు కబుర్లాడతందే!" అని మా అక్క పైడమ్మ నవ్వింది.

"నాకు తెలిసే లోపే అది సెప్పేత్తంది వొదినా," అంటూ అసిరమ్మ కడియం విప్పి, గట్టు మీదున్న నాకిచ్చింది. కళ్లు మూసుకుని నిలబడింది. నాటేవాళ్లంతా ఆగిపోయారు.

చాలాసేపటికి, "సిటికెనేలు కాడ ఏదో పాకతంది," అంది.

పైడమ్మ ఆ పాదం ఎత్తి కడిగి చూసింది. "ఏటీ నేదే!"

"పైన కాదొదినా, లోపల్నే."

నేను మడిలోకి దిగి ఆ వేలు గట్టిగా గిచ్చాను.

"అబ్బా! తిక్క మనిసీ!" అని అందరి ముందూ నన్ను తిట్టింది.