డెబ్బై ఆరు రోజులు

"మళ్ళీ వచ్చాయి వదినా," అన్నాడు మరిది, అద్దానికి ముక్కు ఆనించి.

వదిన వంటింట్లోంచి గరిటెతోనే వచ్చింది. హాల్లో ఉప్పునీళ్ల తొట్టి ముందు అతను గొంతుక్కూర్చుని ఉన్నాడు. లోపల పసుపు చేప రాయికి ఒళ్ళు రాసుకుంటోంది. దాని రెక్క నిండా ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు. వదిన ఏడు దాకా లెక్కపెట్టి ఇక పెట్టలేకపోయింది.

"మీ అన్నయ్యకి నువ్వు చెబుతావా?"

"నువ్వే చెప్పు. నా నోట వింటే తిక్క రేగుతుంది."

అన్నగారి సంగతి తెలిసిందే. మనుషులతో ముక్తసరిగా మాట్లాడే ఆ మనిషి చేపలతో మాత్రం గంటలకొద్దీ కబుర్లాడతాడు. నాలుగు నెలల కిందట ఆ తొట్టిలో తొమ్మిది చేపలుండేవి. జబ్బు తగిలి నాలుగు పోయాయి. మిగిలిన ఐదింటినీ స్టోర్‌రూములో వేరే తొట్టిలో పెట్టి, రాగి మందు వేసి, పెద్ద తొట్టిని డెబ్బై ఆరు రోజులు చేపన్నది లేకుండా ఉంచారు. పట్టుకోవడానికి చేప దొరక్కపోతే ఇసుకలో దాక్కున్న పురుగు ఆకలితో చస్తుందట. చచ్చిందనే అనుకున్నారు. చేపల్ని తిరిగి వదిలాక చేపల డాక్టరు రెండు గురువారాలు వచ్చి చూసి, భేషుగ్గా ఉన్నాయని చెప్పి వెళ్ళాడు. పదిహేనో రోజుకి ఇదిగో, ఇదీ వరస.

డాక్టరంటే డాక్టరేం కాదు, తొట్లు శుభ్రం చేసే మనిషి. ఉప్పునీళ్ల తొట్టి ఉన్న ప్రతి ఇంటికీ వారానికోసారి వెళ్తాడు. శుభ్రమంటే ప్రాణం. చెప్పులు బయటే విప్పి, మోచేతులదాకా సబ్బుతో కడుక్కుంటే గానీ తొట్టి దగ్గరికి రాడు. ఇంట్లోవాళ్ల వల ముట్టుకోడు. తన వల తనకి ఉండాల్సిందే, అదీ మూతున్న ప్లాస్టిక్ గొట్టంలో. దాంతో చేపని పట్టి, భూతద్దంలో చూసి వదిలేస్తాడు. ఆయన వెళ్ళాక గుమ్మం నుంచి తొట్టిదాకా రాలిన నీటిచుక్కలు తుడుచుకోవడం వదిన వంతు.

ఆ గురువారం ఆయన చాలాసేపు చూసి పెదవి విరిచాడు. పాత పురుగు ఎప్పుడో చచ్చిందనీ, ఇది బయటినుంచి కొత్తగా వచ్చిందనీ తేల్చేశాడు.

"మేం కొత్త చేపని తేలేదే," అన్నాడు అన్న.

"చేపే రానక్కర్లేదండీ. జబ్బున్న తొట్టి నీళ్ళు ఒక్క చుక్క చాలు. ఆరితే చస్తుంది, తడి ఉన్నంతసేపూ బతికే ఉంటుంది. ఇంట్లో ఎవరైనా వేరే తొట్లు ముట్టుకుంటారా?"

మరిది పనిచేసేది రంగుచేపల కొట్టులో.

సాయంత్రం అన్న భార్యని పిలిచి, వాడు తొట్టి దగ్గర తచ్చాడగా చూశావా అని అడిగాడు. వదినకి అబద్ధం నోరు తిరగదు. తెల్లారగానే చొక్కా చేతులు పైకి మడిచి తొట్టి దగ్గర నిలబడటం చూశానంది. నీళ్ళలో చెయ్యి పెట్టడం మాత్రం చూడలేదని చెప్పబోయేలోగా ఆయన లేచి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అన్నదమ్ములు అన్నం దగ్గర ఎదురెదురుగా కూర్చోలేదు.

మర్నాడు మరిది సామాను సర్దుకున్నాడు. అన్న గదిలోంచి బయటికి రాలేదు.

"పొద్దున్నే నేను తుడిచేది అద్దాన్ని, అదీ బయటివైపు. నీళ్ళలో వేలు కూడా పెట్టలేదు. నువ్వు నమ్ముతున్నావా వదినా?"

తొమ్మిదేళ్ల వయసు నుంచి తన చేతి అన్నం తిని పెరిగినవాడు. నమ్ముతున్నాననే అనబోయింది. అంతలో డాక్టరు మాట గుర్తొచ్చి ఒక్క క్షణం తటపటాయించింది. అతనికి ఆ క్షణం చాలు. సంచి భుజాన వేసుకుని మెట్లు దిగాడు. ఆనాటినుంచి ఫోన్ ఎత్తడం లేదు.

మళ్ళీ మందు, మళ్ళీ డెబ్బై ఆరు రోజులు. వదిన క్యాలెండర్లో రోజుకో గీత కొట్టింది. ఖాళీ తొట్టితో డాక్టరుకి పనిలేదు కాబట్టి రాలేదు. ఐదింటిలో పసుపు చేప ఒక్కటే మిగిలింది. చేపల్లేని తొట్టిలో మోటారు అదే పనిగా గురగురలాడుతుంటే ఇల్లంతా ఎవరో ఊపిరి పీలుస్తున్నట్టుండేది.

"ఈసారి రాదులే," అన్నాడు అన్న ఓరోజు. "తెచ్చేవాడు లేడుగా."

వదిన మాత్రం ఈసారీ వస్తే బాగుండు, వాడి తప్పు లేదని తేలిపోతుంది అనుకుంది. మరుక్షణమే ఆ చేపని తలుచుకుని లెంపలేసుకుంది.

డెబ్బై ఏడో రోజు గురువారమైంది. పసుపు చేపని పెద్ద తొట్టిలోకి వదిలారు. ఒంటిమీద ఒక్క మచ్చ లేదు. అన్న ముఖం ఎన్నాళ్ళకో విచ్చుకుంది. ఎందుకైనా మంచిది, డాక్టరు చేత ఓసారి చూపిద్దామన్నాడు.

డాక్టరు హడావిడిగా వచ్చాడు. ఇంకో ఇంటినుంచి నేరుగా వస్తున్నాననీ, అక్కడ చేపలన్నీ తెల్లచుక్కలతో చావుబతుకుల్లో ఉన్నాయనీ చెబుతూ చెప్పులు విప్పాడు. మోచేతులదాకా సబ్బు రుద్దుకుని కడుక్కున్నాడు.

వదిన ఎప్పటిలా తుడుపుగుడ్డ తెచ్చుకుని గోడవారగా నిలబడింది. డాక్టరు గుమ్మంలోనే గొట్టం మూత తీసి, వల పట్టుకుని తొట్టివైపు నడిచాడు. అతని వెనకాల గచ్చుమీదికి ఆమె చూపు పోయింది.

నీళ్ళలో ముంచకముందే ఆ వల కారుతోంది.