దూది తవ్విన కన్నం

సాయంత్రమైతే అడవిలోని కుర్రకారంతా కూతల గుట్ట మీద చేరేది. కూతురు దూది ఇంటిపట్టున ఉండడం లేదని తల్లి కుందేలు బొరియకు రాయి అడ్డం పెట్టింది. దూది ఇంకో కన్నం తవ్వుకుని మరీ పోయింది.

తవ్వడం నేర్పింది తల్లే కదా, ఇంకెవర్ని తిట్టుకుంటుంది! తల్లి రాయి దొర్లించేసి, "పదవే, నీ నేస్తాల్ని నేనూ చూస్తాను," అంది.

దూది మూతి ముడుచుకునే దారి తీసింది. గుట్టెక్కగానే పొదచాటు నుంచి ఒక గొంతు, "ఎంత ముచ్చటైన చెవులో! దగ్గరికి రా," అంది.

"రోజూ నన్ను మెచ్చుకునేది ఇదేనమ్మా. మొహం మాత్రం చూపించదు."

నక్క వాసన! తల్లి పసిగట్టేసింది. అయినా అరవలేదు. "ఒక్కసారి గాలి వాసన చూడు తల్లీ," అంది.

దూది ముక్కు అదిరింది. ఇద్దరూ ఒకటే పరుగు.

మర్నాడు దూది తన కన్నం తనే పూడ్చి, వాకిట్లో నిలబడింది.

"అమ్మా, గుట్టకెళ్దాం, రావూ?"