డోరీన్ పిలుపు

"ఏం కావాలి, సార్?" అంది డోరీన్. ఒళ్లు మండిపోయింది నాకు.

ఇంగ్లండ్‌లోని మా స్టోక్‌లో ఎవరినైనా ఆప్యాయంగా 'డక్' అనే పిలుస్తాం, బాతు అని. మేయరైనా అంతే, సామాను జప్తు చేయడానికి వచ్చినవాడైనా అంతే. పక్కింటి కుక్క కూడా డక్కే. ఈ ఓట్స్ అట్ల కొట్లో ముప్ఫై ఏళ్లుగా డోరీన్ నన్ను ఇంకోలా పిలిచి ఎరగదు.

"ఈ కొత్త మర్యాదేంటి, డక్? లండన్ దొరసానిలా. వింటుంటేనే వెగటుగా ఉంది," అన్నాను.

"ఎప్పట్లాగే ఆరు అట్లేనా, సార్?"

నా వెనక నైజీరియా నుంచి కొత్తగా వచ్చిన నర్సమ్మాయి నిలబడి ఉంది. డోరీన్ నా భుజం మీదుగా తొంగి చూసి, "నీకు చీజ్ ఎక్కువ వేయాలి కదా, డక్? ఒక్క నిమిషం," అంది.

"ఆవిడైతే డక్, నేనైతే సార్‌నా?" అన్నాను.

డోరీన్ అట్ల పొట్లం నా చేతిలో పెట్టింది.

"నిన్న ఈ పిల్ల ముందే కదా మీరన్నది, ఆ పిలుపు మనవాళ్లకే దాచిపెట్టు, ఎక్కడెక్కడి నుంచో దిగినవాళ్లందరికీ పంచకు అని. మనవాళ్లకే దాచిపెట్టాను, సార్."